మగదిక్కు

సెప్టెంబర్ 8, ఆదివారం

నేను రాయిని కాను. మా ఇంట్లో ఎవరూ ఈ మాట నమ్మరు కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నా.

పొద్దున ఏజాక్స్ ఊళ్లో ఉండే వాసంతి అత్త ఫోన్. నాన్న స్పీకర్‌లో పెట్టాడు. ధాత్రికేం అన్నయ్యా, అది మగరాయుడు, దాన్ని తీసుకెళ్లి మంచులో వదిలేసినా ఇల్లు కట్టుకుని కూర్చుంటుంది, నా బెంగంతా పిల్లాడి గురించే అంది. పిల్లాడంటే నా తమ్ముడు వంశీ. పంతొమ్మిదేళ్లు, ఆరడుగులు, యూనివర్సిటీలో సెకండ్ ఇయర్. కుక్క చచ్చిపోయే సినిమా అని తెలిస్తే ముందే టిష్యూ బాక్స్ తెచ్చి పక్కన పెట్టుకుంటాడు. అమ్మ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ, అవును వాసంతీ, దీనికి ఎవరూ అక్కర్లేదు అంది. నేను ఆ బల్ల దగ్గరే ఉన్నా. ఆ చిక్కుళ్లలో సగం నేను తుంచినవే.

అసలు కోపం దాని మీద కాదు. నిన్నటి మీద.

నిన్న అద్దె హాల్లో తెలుగువాళ్లందరం కలిసి వినాయక చవితి చేశాం. ప్రతి ఏడూ కొబ్బరికాయ నాన్నే కొడతాడు. మా ఊరు రెజైనాకి ముందొచ్చిన తెలుగువాళ్లలో మేమొకళ్లం. పైగా యోగానంద్ గారు కొడితే ఒక్క దెబ్బకి రెండు సమానమైన చిప్పలు అని పేరు. హాలు ఫ్లోరు తడిస్తే అద్దెకిచ్చినవాళ్లు ఊరుకోరు కాబట్టి ప్లాస్టిక్ టబ్బులో పేవింగ్ రాయి పెట్టి దాని మీద కొట్టాలి. టబ్బు కదలకుండా పట్టుకునేది నేను. ఈసారి నాన్న కాయ చేతిలోకి తీసుకుని, ఒకసారి తిప్పి చూసి, వంశీని పిలిచాడు. ఇకనించి కుర్రాళ్లు చెయ్యాలండీ అన్నాడు. అందరూ చప్పట్లు. జయదేవ్ అంకుల్ అయితే, వారసుడొచ్చాడు, ఆహా, యోగానంద్ గారిది ఎంత పెద్ద మనసు అని మురిసిపోయాడు. వంశీ నాలుగు దెబ్బలు కొట్టాడు. నీళ్లన్నీ నా ఒళ్లో.

నాకు ఊహ తెలిసినప్పటినుంచీ నాన్న నన్ను ఏరా అనే పిలుస్తాడు. నాకు కొడుకు ఇదేనండీ అని వచ్చినవాళ్లందరికీ చెప్తాడు. కొబ్బరికాయ దగ్గరికొచ్చేసరికి కొడుకు వేరేవాడు.

సెప్టెంబర్ 19

ఎమ్మే చివరి సెమిస్టర్. ఆఫ్రికన్ నవల మీద కోర్సు. ఈ వారం ఒక ఇగ్బో ఊరి కథ. ఉడెంబా అని తలుపులు చెక్కేవాడు. అతని తలుపు లేని ఇల్లు పెద్దింటి కింద లెక్క కాదు. అతని కుడిచెయ్యి వణకడం మొదలవుతుంది. ఆ ఊళ్లో ఇంటికి ఎవరొచ్చినా ముందు కోలా కాయ అరచేతిలో పెట్టుకుని పైకెత్తి ప్రార్థన చెయ్యాలి. చెయ్యి వణికితే కాయ వణుకుతుంది, అందరూ చూస్తారు. అందుకని ఉడెంబా చుట్టాల్ని పిలవడం మానేస్తాడు. పిలవకుండా వచ్చినవాళ్లకి, ఇవాళ ఆ గౌరవం నీది అని కాయ వాళ్ల చేతికే ఇస్తాడు. ఎంత వినయం అని ఊరంతా మెచ్చుకుంటుంది. అన్నం తలుపేసుకుని తింటాడు.

ఇంత భయం ఎందుకంటే, చిన్నప్పుడు చెయ్యి పడిపోయిన ఒక ముసలాయన్ని పిల్లలు వెక్కిరించేవాళ్లు. వాళ్లలో ఉడెంబా ఒకడు. అందరికంటే బాగా వెక్కిరించేవాడు.

అతని రహస్యం తెలిసింది చిన్నకొడుక్కి ఒక్కడికే. మేకలకి కూడా భయపడే పిల్లాడు. ఒక కూతురు కూడా ఉంది. కుండతో నీళ్లు తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్లిపోతుంది. ఎక్కడికి వెళ్లిందో నవల్లో లేదు.

క్లాసులో అందరూ ఉడెంబాని తిట్టారు. నాకు నచ్చాడు. నచ్చకూడదని తెలుసు.

అక్టోబర్ 5

వంశీ ట్రక్కు నడుపుతున్నాడు. నాన్న పక్కన కూర్చున్నాడు.

ట్రక్కు గురించి రాయాలి. మేం వచ్చిన మొదటి చలికాలం, మా చిన్న కారు మంచులో కూరుకుపోయింది. పక్కింటాయన వచ్చి తాడు కట్టి లాగాడు. ఏమీ అనలేదు, నవ్వాడంతే. ఆ నవ్వుకి నాన్న వారం రోజులు సరిగా తినలేదు. తరవాత ఈ ఎర్ర పికప్ కొన్నాడు. నాలుగు చినుకులు పడినా, నాలుగు రేకులు మంచు రాలినా ఎవరినో ఒకరిని లాగడానికి వెళ్లేవాడు. పిలవకపోయినా వెళ్లేవాడు. అమ్మకి వేరే కారుంది. ఆ డబ్బాలో నేనెక్కను అంటాడు నాన్న.

నాకు పదహారు వచ్చినప్పుడు ఊరవతల పొలాల మధ్య కంకర రోడ్డు మీద డ్రైవింగ్ ఈ ట్రక్కులోనే నేర్పాడు. గ్రావెల్ మీద బండి పక్కకి జారితే నేను అరవలేదు. స్టీరింగ్ తిప్పి దారిలో పెట్టా. నాన్న బానెట్ మీద చెయ్యేసి, ఇది నా పెద్దకొడుక్కే అన్నాడు. అది వాగ్దానం కాదా?

ఇవాళ అడిగా, వంశీ ఎందుకు నడుపుతున్నాడని. వాడు మగపిల్లాడు కదరా, ఎప్పటికి నేర్చుకుంటాడు అన్నాడు.

అక్టోబర్ 6

ఇవాళ కూడా వాడే.

నవంబర్ 16

మొదటి పెద్ద మంచు. పొద్దున్నే బూట్లు వేసుకుని గరాజ్‌లోంచి పార తీశా. డ్రైవ్‌వే మీద మంచు తీసే పని నాదీ నాన్నదీ. చెరో పక్కనుంచి మొదలుపెట్టి మధ్యలో కలుస్తాం, ఆలస్యంగా వచ్చినవాళ్లు టీ పెట్టాలి. బయటికొచ్చేసరికి వంశీ ఒక్కడే సగం తీసేశాడు. నాన్న కిటికీలోంచి, కోటు జేబుల్లో చేతులు పెట్టుకుని, అటు తొయ్యి, ఇటు తొయ్యి అని చెప్తున్నాడు. నన్ను చూసి, నువ్వు చదువుకోరా, పరీక్షలు కదా అన్నాడు. నాకు పరీక్షల్లేవు, పేపర్లే అని ఆయనకి తెలుసు.

నాన్న ఈమధ్య మాతో కూర్చుని తినట్లేదు. కంచం బేస్‌మెంట్‌కి పట్టుకెళ్తాడు. క్రికెట్ అట. వంశీ కూడా వెనకాలే. వాడికి క్రికెట్‌లో ఓవరంటే ఎన్ని బంతులో తెలీదు.

అమ్మా నేనూ బల్ల దగ్గర. కిందనుంచి నవ్వులు వినిపిస్తాయి.

కళ్లల్లో నిప్పులు పోసుకుంటున్నానని నాకు తెలుసు. పోసుకున్నా.

నవంబర్ 28

మైనస్ ఇరవై ఆరు. రాత్రంతా ట్రక్కు ఇంజన్‌కి హీటర్ ప్లగ్ పెట్టి ఉంచాలి, లేకపోతే పొద్దున స్టార్టవదు. పొద్దున నాన్న ఆఫీసుకని బండి రివర్స్ చేశాడు. ప్లగ్ గోడకే ఉంది. వైరు తాడులా సాగి, ఫట్‌మని తెగింది. సగం గోడకి, సగం బండి ముందు వేలాడుతోంది.

ఎదురింటివాళ్లు మంచు తీస్తూ చూశారు. నాన్న కిటికీ దించి, వాళ్లకి వినపడేలా, ఇంగ్లిషులో, నా కూతురు ప్లగ్ తీయడం మర్చిపోయింది అన్నాడు. వాళ్లు నవ్వారు. నాకేసి చెయ్యి ఊపారు.

ప్లగ్ తీసే పని నాది కాదు. ఎప్పుడూ కాదు. ఎవరు నడుపుతారో వాళ్లే తీస్తారు.

సాయంత్రం అడిగా. ఏదో అన్నాలేరా, ఆ మాత్రం పడలేవా, నీది గట్టి గుండె కదా అన్నాడు. వంశీ మీద చెప్పొచ్చుగా అన్నా. వాడు బాధపడతాడు అన్నాడు.

డిసెంబర్ 10

పేపర్ తిరిగొచ్చింది. ఉడెంబా భయం మీద రాశా. మంచి గ్రేడే. ఆఖరి పేజీలో ప్రొఫెసర్ ఒక ప్రశ్న రాసింది. ఆ చిన్నకొడుకు మీద నీకెందుకింత కోపం, అతనేం చేశాడు అని.

కోపం లేదు. ఆ పాత్ర బలహీనంగా ఉందన్నా, అంతే.

మళ్లీ చదివా. వాణ్ణి నక్క అన్నా. పొంచి ఉన్నాడన్నా. తండ్రి బలహీనత తిని బతుకుతున్నాడన్నా. మేకలకి భయపడే పిల్లాణ్ణి.

డిసెంబర్ 22, ఆదివారం, మధ్యాహ్నం

బట్టలు ఉతకడానికి బేస్‌మెంట్‌కి దిగా. టీవీ గది తలుపు ఓరగా ఉంది.

వంశీ కంచంలో ముద్దపప్పూ ఆవకాయా కలిపాడు. నెయ్యి వేసి పిసికాడు. చిన్న ముద్ద చేశాడు. నాన్న నోరు తెరిచాడు. వాడు పెట్టాడు.

నాన్న కుడిచెయ్యి సోఫా మీద ఉంది. దాని పాటికది, ఎవరో పిలుస్తున్నట్టు, కొట్టుకుంటోంది. దాన్ని దాచుకోలేదు. జేబులో పెట్టుకోలేదు. అలా వదిలేసి కూర్చున్నాడు. వంశీ ఏదో అన్నాడు, ఆవకాయ ముక్క గురించి. నాన్న నోటినిండా అన్నంతో పగలబడి నవ్వాడు. మెతుకులు చొక్కా మీద పడ్డాయి. వాడు తుడిచాడు.

పాపం అనిపించాలి. ఒక మనిషికి అనిపించాల్సింది అదే. నాకు ముందొచ్చింది అది కాదు. ఆ నవ్వు నేనెప్పుడూ వినలేదు. నాతో ఉన్నప్పుడు నాన్న అలా ఎప్పుడూ కూర్చోలేదు, నడుం వాల్చి, చొక్కా మీద మెతుకులతో. ఇరవై నాలుగేళ్లు నా ముందు నిటారుగా కూర్చున్నాడు.

బట్టల బుట్టతో పైకొచ్చేశా.

కొబ్బరికాయ. జేబుల్లో చేతులు. తలుపేసుకుని తినడం. పద్దెనిమిది పేజీలు రాశా దీని మీద. ఫుట్‌నోట్లతో.

డిసెంబర్ 23

వంశీని అమ్మ కారులో కూర్చోబెట్టి అడిగా. హీటర్ వేసి. వాడు ఇంగ్లిషులోనే చెప్పాడు. పార్కిన్సన్స్. వేసవిలో తెలిసింది. అమ్మకి తెలుసు. వాసంతి అత్తకీ తెలుసట. అందుకేనా ఆ బెంగంతా పిల్లాడి మీద.

నాకెందుకు చెప్పలేదంటే, నాన్న వద్దన్నాడట. అది చూస్తే నేనింక దాని ముందు కూర్చోలేను, అది నన్ను మనిషిగా చూడదు అన్నాడట. అది నా మీద ఆయనకున్న గౌరవం అట. వంశీ ఏడుస్తూ చెప్పాడు. వాడి ముందు ఏమైనా అవ్వొచ్చు, వాడు ఎలాగూ ఏడుపుగొట్టువాడు కదా అని నాన్న అన్నాడని కూడా వాడే చెప్పాడు. సిగ్గు పడకుండా చెప్పాడు.

ప్లగ్ సంగతి అడిగా. ఆ పొద్దున నాన్న చేత్తో ప్లగ్ లాగలేకపోయాడట. గ్లవ్ తీసి, మళ్లీ వేసి, రెండు చేతులతో లాగి చూశాడట. ఎదురింటివాళ్లు బయటికొచ్చారు. వాళ్ల ముందు లాగలేకపోవడం కన్నా తెంపుకు పోవడం నయం అనుకుని బండెక్కేశాడు.

వంశీ, నువ్వు లక్కీ అక్కా అన్నాడు. నాన్నకి నువ్వంటే భయం.

డిసెంబర్ 24

లక్కీ.

జనవరి 4

అమ్మతో చెప్పా, నాకు తెలుసని. అమ్మ ఆశ్చర్యపోలేదు. చేతులు తుడుచుకుంది. సరే, తెలిస్తే తెలిసింది, తెలిసినట్టు మాత్రం ఉండకు, ఆయన పడిపోతారు అంది. నువ్వు ధైర్యం గలదానివి, ఇకమీదట ఈ ఇంటికి మగదిక్కు నువ్వే అంది.

మరి వంశీ అన్నా. వాడు చిన్నపిల్లాడే, వాడి వల్ల ఏమవుతుంది అంది.

ఏమవుతుందో చూశాను. వాడు ముద్దలు పెడతాడు, నవ్విస్తాడు, తుడుస్తాడు. కావాల్సిందంతా వాడికి. నాకు బిరుదు.

ఇక్కణ్ణించి ఎనిమిది గంటల దూరం, కాల్గరీలో ఒక ఆయిల్ అండ్ గ్యాస్ ఆఫీసులో కమ్యూనికేషన్స్ జాబ్‌కి అప్లై చేశా. ఇంట్లో చెప్పలేదు.

జనవరి 12, ఆదివారం

ఇవాళ వంశీని లైబ్రరీకి పంపేశా. పంపేశా అనే రాయాలి.

కందిపప్పు వేయించి నేనే ముద్దపప్పు చేశా. వేడన్నంలో చేత్తో కలిపా, నెయ్యి ఎక్కువే వేశా. కంచం పట్టుకుని కిందకి దిగి నాన్న పక్కన కూర్చున్నా. ముద్ద చేసి చెయ్యి చాపా. అంతే. మాట్లాడితే చెడిపోతుందని మాట్లాడలేదు.

నాన్న లేచి నిలబడ్డాడు. చెయ్యి జేబులోకి వెళ్లిపోయింది. నడుం నిటారైంది. ఆఫీసులో ఏదో తిన్నాలేరా, కడుపు నిండుగా ఉంది అన్నాడు. ఆదివారం ఆఫీసు లేదు. ఇద్దరికీ తెలుసు. నాన్నా, నేను చూశాను అన్నా. టీవీ సౌండ్ పెంచాడు. కాసేపటికి, అటే చూస్తూ, నీ ముందు వద్దురా కొడుకా అన్నాడు. ఒక్కదానివి ఉన్నావు నన్ను పాతలాగా చూసేదానివి అన్నాడు.

నేను చెయ్యి వెనక్కి తీసుకోవడానికి టైం పట్టింది. ముద్ద వేళ్ల మధ్య ఆరిపోయింది.

వంటింట్లో సింక్ దగ్గర నిలబడి ఆ అన్నం నేనే తిన్నా. ఉప్పు సరిపోయింది. బాగా కుదిరింది కూడా.

సాయంత్రం వంశీ వచ్చాడు. నాన్న ఆకలితో ఉన్నాడు అక్కా, నువ్వు పెట్టలేదా అని అడిగాడు.

జనవరి 18

కాల్గరీ జాబ్ వచ్చింది. ఫిబ్రవరి మూడో తారీఖు జాయినవ్వాలి.

బల్ల దగ్గర చెప్పా. అమ్మ మొహం చూడాలి. ఇప్పుడా అంది. నాన్న మాత్రం, వెళ్లనీ, నా కొడుకు ఎక్కడైనా బతుకుతాడు అన్నాడు. బతుకుతాడు. తరవాత లేచి కంచం తీసుకుని కిందకి వెళ్లాడు. వంశీ వెనకాలే.

వెళ్లాలో వద్దో ఇంకా తేల్చుకోలేదు. ఉండమని ఒక్కసారి అడిగితే ఉంటానేమో. మగదిక్కుగా కాదు. ఊరికే.

జనవరి 25

జయదేవ్ అంకుల్ నిన్న గుళ్లో, ఏం యోగానంద్ గారూ, ఈమధ్య డ్రైవర్ని పెట్టుకున్నారా అని జోక్ చేశాడట. అంతే. ఇవాళ పొద్దున గాలికి మంచు రోడ్డుకడ్డంగా కొట్టుకుపోతోంది. నాన్న తాళం తీసుకున్నాడు. పాలు తెస్తా అన్నాడు. వంశీ పక్కనెక్కాడు.

వచ్చేసరికి వంశీ తలుపు తీసి మంచులో వాంతి చేసుకున్నాడు. ఆల్బర్ట్ స్ట్రీట్ మీద ఎర్ర లైటు దగ్గర నాన్న కాలు బ్రేక్ మీదకి టైంకి వెళ్లలేదట. బండి క్రాసింగ్ మధ్యలోకి జారి ఆగింది. ఒకావిడ పాప ఉన్న స్ట్రోలర్ వెనక్కి లాక్కుందట. దాని చక్రం మన బంపర్‌కి తగిలిందట. పాప నిద్ర కూడా లేవలేదట. అది చెప్తూ వాడు మళ్లీ కక్కుకున్నాడు.

నాన్న బండి పక్కన నిలబడి ఉన్నాడు. పాల కవరు ఎడమచేతిలో, కుడిచెయ్యి జేబులో. చూడు వీణ్ణి, ఆడపిల్లకన్నా అన్యాయం అన్నాడు. నువ్వుంటే కిమ్మనేదానివి కాదు కదరా అన్నాడు.

ఆ క్షణంలో నాకు సంతోషం వేసింది. ఇది రాయకుండా పేజీ తిప్పను. ఒక పాప వెంట్రుకవాసిలో బతికింది, నా తమ్ముడు మోకాళ్ల మీద ఉన్నాడు, నాకు సంతోషం. వాడి కన్నా నేనే నయం అన్నాడుగా.

తరవాత అడిగా, నాన్నా, ఇక బండి తీయొద్దు అని. నీకు భయమేంట్రా అని నవ్వాడు. ఎండాకాలం వచ్చేసరికి అంతా సర్దుకుంటుంది అన్నాడు. ఆఫీసులో నలుగురి ముందు అమ్మ డబ్బాలోంచి దిగలేను అన్నాడు. అమ్మని చూశా. ఆయన నా మాట వినరు, నువ్వు చెప్తే వింటారు అంది. ఇప్పుడే చెప్పా కదా, విన్నాడా అన్నా. వంశీ, వచ్చే వారం కూడా నేను పక్కన కూర్చుంటా, పర్లేదు అన్నాడు. వాడు నిజంగా కూర్చుంటాడు. చచ్చిపోయేదాకా కూర్చుంటాడు.

అందరూ ఆయన్ని నిటారుగా నిలబెట్టడానికే ఉన్నాం. ఒకరు పైన, ఒకరు కింద.

జనవరి 30

సూట్‌కేసులు సర్దా. బస్సు టికెట్ తీసుకున్నావా అని అమ్మ అడిగింది. తీసుకోలేదు అన్నా.

వంశీకి మాత్రం చెప్పా ఏం చేయబోతున్నానో. నాన్న మీద ప్రేమతోనా, నా మీద కుళ్లుతోనా అని అడిగాడు. మొదటిసారి పూర్తిగా తెలుగులో అడిగాడు. కుళ్లు అనే మాట వాడికి ఎవరు నేర్పారో.

రెండోదే ఎక్కువ అన్నా. సరే అన్నాడు. స్పేర్ తాళం నాన్న కోటు లోపలి జేబులో ఉంటుందని వాడే చెప్పాడు.

ఫిబ్రవరి 1, స్విఫ్ట్ కరెంట్

కాల్గరీ దారిలో ఈ ఊళ్లో పెట్రోలు కోసం ఆగా. మైనస్ ముప్పై. ట్రక్కు బానే నడుస్తోంది. తెగిన వైరు ముక్క బంపర్‌కి కొట్టుకుంటూ ఉంది, తీయలేదు.

రెండు తాళాలూ నా దగ్గరే ఉన్నాయి. నాన్న దగ్గర్నించి మూడుసార్లు ఫోన్ వచ్చింది.

ట్రక్కు వెనక్కి తీసుకెళ్లను.